బ్యాటరీలో మిగిలిన సత్తువ బండి యజమానికి చూపించండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి,

(ప్రతులు: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రులకు)



తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీ శాఖలో చదివి చెప్పేవాళ్లు ఉండకపోరు. పైగా ఈ సంగతి మీతోపాటు ఇక్కడి బండ్ల యజమానులకూ తెలియాలి.

అడిగేది ఒక్కటే. దేశంలో అమ్మే ప్రతి విద్యుత్ స్కూటరూ, ప్రతి ఆటో తన బ్యాటరీలో కొన్ననాటి సత్తువ ఎంత మిగిలిందో యజమానికి చూపించి తీరాలని నిబంధన తెండి. ఛార్జి శాతం చూపిస్తూనే ఉన్నారు కదా అంటారేమో. తెరమీద నూరు పడితే, ఇవాళ ఆ ప్యాకు పట్టగలిగినదంతా నిండిందని మాత్రమే అర్థం. కొత్తలో మూడు యూనిట్లు పట్టిన ప్యాకు నాలుగేళ్లకు రెండుంబావుకు దిగిపోయినా, పొద్దున్నే ఛార్జర్ తీసేసరికి తెర నూరే చూపిస్తుంది. వెనకటి రోజుల్లో అంత దూరం వచ్చేది, ఇప్పుడు రావట్లేదు అని యజమాని గొణుక్కోవాలి. సర్వీసు సెంటర్‌కి వెళితే "మీరు నడిపే తీరు బట్టి ఉంటుంది సార్" అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఎంత నడిపే తీరు, ఎంత బ్యాటరీ లోపం అన్నది తేల్చే అంకె మాత్రం వాళ్ల కంప్యూటర్లో ఉంటుంది, మన కంటికి ఆనదు.

ఈ ఒక్క అంకె చూపించడానికీ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నడానికీ ఏమిటి సంబంధం అన్నదే నేను చెప్పదలచుకున్నది. దానికి ముందు బ్యాటరీ ఎలా ముసలిదవుతుందో కొంచెం చెప్పనివ్వండి.

లిథియం అయాన్ సెల్లులో ఒకవైపు గ్రాఫైట్ ఉంటుంది. ఛార్జి ఎక్కేటప్పుడు లిథియం వచ్చి దాని పొరల సందుల్లో సర్దుకుంటుంది. ఆ గ్రాఫైట్ మీద, లోపలి ద్రావకంతో కలిసి, ఒక పలుచని తొడుగు ఏర్పడుతుంది. వెచ్చబడ్డ పాల మీద మీగడ కట్టినట్టే అనుకోండి. మొదటి ఛార్జిలోనే కట్టే ఆ పొర ఉండాల్సిందే, అది లేకపోతే సెల్లు నిలవదు. చిక్కల్లా అది ఏళ్ల తరబడి మందమెక్కుతూ పోవడంతోనే. మందమెక్కినకొద్దీ కొంత లిథియం అందులో ఇరుక్కుని మరి పనికిరాదు. అందువల్ల దూరం తగ్గుతుంది. లిథియం కదిలే దారి ఇరుకై లోపలి నిరోధం కూడా పెరుగుతుంది. అందువల్ల ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి మూలుగుతుంది, ఇరవై శాతం చూపిస్తున్నది ఉన్నట్టుండి ఐదుకి పడుతుంది. రిపేరు కుర్రాళ్లు "డ్రాప్ అవుతోంది" అనేది దీన్నే.

ఆ పొర మందమెక్కే వేగాన్ని పెంచేవి ముఖ్యంగా రెండు: వేడి, నిండు ఛార్జి. పది డిగ్రీల వేడి పెరిగితే ఇలాంటి రసాయన చర్యలు సుమారు రెట్టింపు వేగమందుకుంటాయన్నది మొరటు లెక్కే అయినా చాలావరకు సరిపోతుంది. ఇక నికెల్ కలిసిన సాధారణ లిథియం సెల్లు 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది. అంత ఎత్తున గంటల తరబడి కూర్చోబెడితే రెండు ఎలక్ట్రోడ్ల దగ్గరా అక్కర్లేని చర్యలు జరుగుతూనే ఉంటాయి. నాలుగు వోల్టుల చిల్లర దగ్గర ఆపితే పదో పదిహేనో శాతం ఛార్జి తగ్గుతుంది, ఆయుష్షు మాత్రం చాలా పెరుగుతుంది. చలికాలంలో గడ్డకట్టే చోట ఛార్జి పెడితే లిథియం లోహంగా పేరుకునే ప్రమాదం ఇంకొకటుంది గానీ, లంబసింగి వాళ్లు కూడా ఏడాదిలో ఏ కొద్దిరోజులో తప్ప దాని గురించి బెంగపడక్కర్లేదు. మన బెడద ఎండ.

ఇప్పుడు చిన్న లెక్క చూడండి. మూడు యూనిట్ల ప్యాకు, ఒక నిండు ఛార్జికి తొంభై కిలోమీటర్లు అనుకుందాం. నికెల్ సెల్లులు ఎనభై శాతానికి దిగేలోగా సుమారు వెయ్యి పూర్తి ఛార్జీలు తట్టుకుంటాయనుకుందాం. ఆఫీసుకి వెళ్లొచ్చే మనిషి రోజుకు పాతిక కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి తొమ్మిది వేలు, అంటే వంద ఛార్జీలు. ఆ లెక్కన వెయ్యి ఛార్జీలు అయ్యేసరికి పదేళ్లు. మరి మూడు నాలుగేళ్లకే దూరం తగ్గిందని గోల ఎందుకు? ఎందుకంటే ఆ బండి రోజుకు గంట తిరుగుతుంది, ఇరవై మూడు గంటలు ఎక్కడో నిలబడి ఉంటుంది. నిండు ఛార్జితో, రేకుల షెడ్డు కిందో, ఆఫీసు ముందు ఎండలోనో. అది నడిపి పాడవలేదు, నిలిపి పాడయింది.

డెలివరీ కుర్రాడి లెక్క వేరు. రోజుకు నూట ఇరవై కిలోమీటర్లు తిరిగేవాడికి ఆ వెయ్యి ఛార్జీలూ రెండున్నరేళ్లలోపే అయిపోతాయి. వాడి బ్యాటరీ నిజంగానే నడిచి అరుగుతుంది. మధ్యాహ్నం బండి దిగి, ప్యాకు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండగానే ఛార్జింగ్ పెట్టి, అన్నం తిని మళ్లీ బయల్దేరాలి. వాడికి "చల్లారాక పెట్టు నాయనా" అని సలహా ఇవ్వడం తేలికే, ఆ అరగంటకు కూలి ఎవరిస్తారు?

ఈ ఇద్దరికీ కంపెనీవాళ్లు ఇచ్చే పూచీ కాగితం మాత్రం ఒక్కటే. ఇన్నేళ్లు లేదా ఇన్ని కిలోమీటర్లు. ఈమధ్య కొన్ని సంస్థలు ఎనిమిదేళ్లు లేదా 80,000 కిలోమీటర్ల వరకు డెబ్బై శాతం సత్తువకు పూచీ అంటున్నాయి. మంచిదే, ఒప్పుకుంటాను. కానీ ఆ డెబ్బై శాతాన్ని కొలిచేది ఎవరు? పూచీ ఇచ్చినవాడే. ఎప్పుడు? మనం వెళ్లి అడిగినప్పుడు, వాళ్ల పరికరంతో, వాళ్ల గదిలో. అరవై తొమ్మిదికీ డెబ్బై ఒకటికీ మధ్య వేల రూపాయలు వేలాడుతున్నప్పుడు, కొట్టువాడు తన తూకం రాయికి తానే ముద్ర వేసుకోవడం మన తూనికలు కొలతల చట్టానికే ఒప్పదు.

ఈ కథ ఇంతకుముందు జరిగింది. అది మనలాంటి ఎండలో జరిగింది కనుక వివరంగా చెబుతాను. నిస్సాన్ లీఫ్ విద్యుత్ కారు 2010 చివర్లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. దాని బ్యాటరీ ప్యాకుకు నీళ్లతో గానీ ఫ్యాన్‌తో గానీ చల్లబరిచే ఏర్పాటు లేదు, బయటి గాలే దిక్కు. చల్లని ఊళ్లలో బాగానే నడిచింది. అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ ఉంది చూశారూ, వేసవి వస్తే అది మన రామగుండానికీ రెంటచింతలకీ ఏమీ తీసిపోదు. 2012 వేసవి నాటికి అక్కడి యజమానులు ఒక విచిత్రం గమనించారు. లీఫ్ డ్యాష్‌బోర్డు మీద ఛార్జి మీటరు పక్కనే ఇంకో చిన్న మీటరుంది. పన్నెండు గీతలు. అది బ్యాటరీలో మిగిలిన సత్తువను చూపేది. ఏడాదిన్నర కూడా నిండని కార్లలో ఆ గీతలు ఒకటొకటిగా రాలిపోతున్నాయి. మొదట కంపెనీ ఇదంతా మామూలేనన్నట్టు మాట్లాడింది. యజమానులు ఊరుకోలేదు. కొందరు కలిసి తమ కార్లను ఒకే దారిన నడిపి, ఎవరిది ఎంత దూరం వస్తోందో కొలిచారు. కోర్టుకెక్కారు. చివరికి నిస్సాన్ దిగివచ్చి, ఐదేళ్లు లేదా అరవై వేల మైళ్లలోపు తొమ్మిది గీతల కిందకి పడితే బ్యాటరీని బాగుచేసో మార్చో ఇస్తామని పూచీ రాసింది. అంతకన్నా ముఖ్యమైంది ఇంకొకటి జరిగింది. వేడిని మెరుగ్గా తట్టుకునే కొత్త సెల్లుల మీద పని మొదలై, 2015 మోడల్‌ నుంచి అవి కార్లలోకి వచ్చాయి.

ఆ పన్నెండు గీతలే లేకపోతే ఏం జరిగేది? ఫీనిక్స్ యజమానులు కూడా ఇంట్లో కూర్చుని గొణుక్కునేవాళ్లు. సర్వీసు సెంటరువాళ్లు నడిపే తీరు గురించి పాఠం చెప్పేవాళ్లు. రసాయనం మారేది కాదు. నేను ముందు సంబంధం ఉందన్నది ఇదే: కనిపించే కొలత తయారీదారుని చేత మంచి బ్యాటరీ చేయిస్తుంది. కనిపించని కొలత మంచి ప్రకటన చేయిస్తుంది.

లీఫ్ కథలోనే మీ శాఖ ప్రత్యేకంగా చూడాల్సిన ఉపకథ ఒకటుంది. తొలి మోడళ్లలో యజమాని కావాలంటే ఎనభై శాతం దగ్గరే ఛార్జి ఆగేలా పెట్టుకునే వీలుండేది. 2013లో అమెరికా పర్యావరణ సంస్థ ఆ కారు ఎంత దూరం వస్తుందో ధ్రువీకరించేటప్పుడు, నిండు ఛార్జితో వచ్చే 84 మైళ్లనూ, ఎనభై శాతంతో వచ్చే 66 మైళ్లనూ సగటు చేసి 75 అని రాసింది. మరుసటి ఏడాది నిస్సాన్ ఏం చేసింది? ఆ ఎనభై శాతం సౌకర్యాన్నే పీకేసింది. కాగితం మీద దూరం 84 అయింది. బ్యాటరీ ఆయుష్షు పెంచే మీటను ఒక సదుద్దేశపు నిబంధనే పీకించిందన్నమాట. మన దగ్గర కూడా ప్రకటనల్లో వెలిగేది ధ్రువీకరించిన దూరమే. అందుకే ఛార్జిని మధ్యలో ఆపే సౌకర్యం ఇచ్చినవాడికి ధ్రువీకరణలో నష్టం రాకుండా నిబంధన రాసేటప్పుడే చూడండి.

ఆ సౌకర్యం గురించి ఒక మాట. "ఎప్పుడూ ఎనభైకి ఆపండి" అని వాట్సాప్‌లో తిరిగే సలహాను నేను గుడ్డిగా సమర్థించను. సెల్లు రకాన్ని బట్టి అది మారుతుంది. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన సెల్లులకు ఆ సలహా నప్పుతుంది. ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు, మార్కెట్లో ఎల్‌ఎఫ్‌పీ అనేవి, ఇంకో తీరు.  ఎల్‌ఎఫ్‌పీ వేడికి త్వరగా అదుపు తప్పదు, ఎక్కువ ఛార్జీలు తట్టుకుంటుంది. కానీ సగంలో ఉన్నా ముప్పావులో ఉన్నా దాని వోల్టేజీ దాదాపు ఒకటే. కాబట్టి అప్పుడప్పుడూ నిండుగా ఎక్కిస్తే తప్ప లోపల ఎంత ఛార్జి ఉందో బండికే సరిగ్గా తెలియదు. సెల్లుల మధ్య హెచ్చుతగ్గులు సర్దే పని కూడా చాలా ప్యాకుల్లో నిండే సమయంలోనే జరుగుతుంది. అలాగని ఎప్పుడూ నిండుగా ఉంచడమూ మంచిది కాదు. ఎల్‌ఎఫ్‌పీ సెల్లులను నిండు ఛార్జి దగ్గరే తిప్పుతూ ఉంటే, తక్కువ ఛార్జి దగ్గర తిప్పినవాటికన్నా తొందరగా నీరసిస్తాయని కెనడాలోని డాల్‌హౌసీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ప్రచురించారు.

ఇన్ని మెలికలు గుర్తుపెట్టుకోవడం కిరాణా కొట్టు యజమాని పని కాదు, కాలేజీ పిల్ల పని కాదు. బండి పని. రాత్రి తొమ్మిదింటికి ఛార్జర్ తగిలిస్తే, ప్యాకు చల్లారేదాకా ఆగి, ఎనభై దాకా నింపి, మిగతాది తెల్లవారుజామున బయల్దేరే ముందు ముగించేలా ప్యాకును అదుపుచేసే చిప్పు (బీఎంఎస్) తనంతట తాను చేసుకోగలదు. దానికి కావలసిన ఉష్ణోగ్రత సెన్సర్లు ప్యాకులో ముందే ఉన్నాయి, గడియారం ఉంది, ఫోన్ యాప్ ఉంది. లేనిది ఆ పని చేయాలన్న ఒత్తిడి. రేపు తన బండి సత్తువ పక్కింటి బండికన్నా తొందరగా తగ్గుతోందని అంకెల్లో కనబడితే ఆ ఒత్తిడి దానంతట అదే వస్తుంది.

అంకెలన్నీ చూస్తూ జాగ్రత్తగా వాడితే లిథియం బ్యాటరీ ఎంతకాలం మన్నుతుందో తెలియాలంటే అంగారకుడి దాకా పోవాలి. 2004 జనవరిలో అక్కడ దిగిన ఆపర్చునిటీ రోవర్ తొంభై రోజుల పని కోసం వెళ్లింది. 2018 జూన్‌లో దుమ్ము తుఫాను కమ్మేదాకా పనిచేసింది. ఐదు వేల సార్లు ఛార్జి ఎక్కి దిగిన తర్వాత కూడా దాని బ్యాటరీలో కొత్తలో ఉన్నదాంట్లో సుమారు 85 శాతం మిగిలింది. ఆ సెల్లులేమీ దేవలోకం నుంచి రాలేదు. వాటి వేడీ వోల్టేజీ ప్రతిరోజూ భూమ్మీద ఎవరో చూస్తూ, దానికి తగ్గట్టు వాడారు.

ఇక ప్యాకు సంగతి. సెల్లు ఎంత మంచిదైనా ప్యాకు చెడ్డదైతే లాభం లేదు. స్కూటర్ ప్యాకులో కొన్ని సెల్లులు పక్కపక్కన కలిపి ఒక గుంపు, అలాంటి గుంపులు వరుసగా. ఏ ఒక్క గుంపు నీరసించినా బీఎంఎస్ ప్యాకు మొత్తాన్నీ అక్కడే ఆపేస్తుంది. మిగతా గుంపుల్లో ఛార్జి మిగిలే ఉన్నా బండి కదలదు. కాబట్టి ప్యాకు కట్టేటప్పుడు సెల్లులను కెపాసిటీ, లోపలి నిరోధం కొలిచి జతచేయాలి. నడుమన ఉన్న సెల్లులు అంచున ఉన్నవాటికన్నా వేడెక్కుతాయి కనుక ఆ తేడా తగ్గేలా వేడిని బయటికి లాగాలి. కలిపే పట్టీలు అసలు నికెల్‌వి అయివుండాలి. నికెల్ పూత పూసిన ఇనుము పెడితే నిరోధం పెరిగి అక్కడే వేడి పుడుతుంది. కొన్నవాడు ఇవేవీ పైనుంచి చూసి చెప్పలేడు. ఐదేళ్ల తర్వాత తేలుతుంది, అదీ ఒక గుంపు పడిపోయాక.

విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కల పాత ప్యాకులు విప్పే కుర్రాళ్లు పని చేస్తుంటే చూశాను. వాళ్ల దగ్గర మల్టీమీటరు, నిరోధం కొలిచే చిన్న పెట్టె, స్పాట్ వెల్డింగ్ మిషను ఉంటాయి. చేతిపనిలో లోటు లేదు. ప్యాకు పెట్టెను గట్టి జిగురు పోసి మూసేసి ఉంటే దాన్ని ఒలవడానికే సగం రోజు. ఒలిచాక బీఎంఎస్‌లో ఏముందో చదవడానికి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఏ గుంపు ఎప్పటినుంచి నలుగుతోందో ఆ చిప్పులో రాసే ఉంటుంది. అది తెలియక ప్రతి గుంపునూ విడిగా ఛార్జి ఎక్కించి, దించి, కొలుస్తూ కూర్చుంటారు. ఇంత కష్టపడే బదులు పడిపోయిన గుంపులో కొత్త సెల్లులు వేసి పంపేసేవాళ్లూ ఉన్నారు. పాతవాటి మధ్య కొత్తవి ఇమడవు, ఆర్నెల్లలో మళ్లీ బ్యాలెన్స్ తప్పుతుంది, ఒక్కోసారి అంతకన్నా ప్రమాదమే జరుగుతుంది. మంచి రిపేరు జరగాలన్నా ముందు కావలసింది ఆ లోపలి లెక్కే.

తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా సెల్లు లోపలే దాగి ఉండే సందర్భాలూ ఉన్నాయి. ఇందాక చెప్పిన డాల్‌హౌసీలోనే, కొన్ని సెల్లులు ఊరికే ఉంచినా ఛార్జి ఎందుకు కోల్పోతున్నాయని వెతికితే, లోపలి చుట్టను అతికించే పాలిస్టర్ టేపు దొంగగా దొరికింది. వేడికి ఆ టేపు ముక్క విచ్చిపోయి, అందులోంచి పుట్టిన పదార్థం రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తిరుగుతూ ఛార్జిని తినేస్తోంది. పైసల్లో ఉండే టేపు! ఇలాంటి లోపం ఉన్న బ్యాచి మన ఎండల్లోకి వస్తే వేలమంది యజమానులకు వేలసార్లు "మీరు నడిపే తీరు" అని చెప్పి పంపుతారు. ఒకే నెలలో తయారైన ప్యాకులన్నీ ఒకే తీరుగా దిగజారుతున్నాయని పోల్చి చూసుకోగలిగితే ఆ మాట చెల్లదు.

మీ శాఖకు ఇది కొత్తదారి కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో, కింద విద్యుత్ స్కూటర్ల షోరూం ఉన్న హోటల్లో మంటలు రేగి ఎనిమిది మంది చనిపోయారు. మీ శాఖ అప్పటికే నిపుణుల సంఘం వేసింది. దానికి అధ్యక్షత వహించింది హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ అప్పటి డైరెక్టర్ టాటా నరసింగరావు గారు. వాళ్ల సిఫార్సుల మీద, విద్యుత్ బండ్ల బ్యాటరీ భద్రతకు ఉన్న ఏఐఎస్ 156 ప్రమాణాన్ని సవరించి, 2022 డిసెంబరు నుంచి ఒక విడత, 2023 మార్చి చివరినుంచి రెండో విడత అమల్లోకి తెచ్చారు. సెల్లు మీద తయారైన నెల, సంవత్సరం ఉండాలన్నారు. మైక్రోప్రాసెసర్ ఉన్న బీఎంఎస్ ఉండాలన్నారు. లోపల వేడి మితిమీరితే చప్పుడూ వెలుగూ చేసి హెచ్చరించాలన్నారు.  మంచి పని.

ఆ సవరణ బ్యాటరీ కాలకుండా చూసింది. ఇప్పుడు అడుగుతున్నది అది నిజాయితీగా ముసలిదయ్యేలా చూడమని. రెండింటికీ ఒకే చిప్పు, ఒకే సెన్సర్లు. పైగా లోపలి నిరోధం అసాధారణంగా పెరుగుతున్న గుంపు ముందే కనబడటం ప్రమాదాల విషయంలోనూ పనికొచ్చేదే.

యూరప్‌లో ఇది చట్టమైంది. 2023లో వాళ్లు తెచ్చిన బ్యాటరీ నియమావళి ప్రకారం, 2024 ఆగస్టు 18 నుంచి విద్యుత్ వాహనాల బ్యాటరీల్లో సత్తువ ఎంత మిగిలిందో, ఇంకా ఎంతకాలం రావచ్చో చెప్పే వివరాలు బీఎంఎస్‌లో ఉండాలి, కొన్నవాడికి వాటిని చదువుకునే వీలుండాలి. మార్చే వీలు కాదు, చదివే వీలు. 2027 ఫిబ్రవరి నుంచి విద్యుత్ వాహనాల బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్టు. కాలిఫోర్నియా 2026 మోడల్ కార్ల నుంచి సత్తువ అంకెను డ్రైవరుకు చూపించాలంది. ఐక్యరాజ్యసమితి వేదిక మీద 2022లో ఆమోదించిన 22వ ప్రపంచ సాంకేతిక నియమం కార్ల బ్యాటరీకి ఐదేళ్లు లేదా లక్ష కిలోమీటర్ల దగ్గర ఎనభై శాతం, ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల దగ్గర డెబ్బై శాతం ఉండాలని గీత గీసింది. ఆ అంకెలకన్నా నాకు నచ్చింది అందులో ఇంకొకటి: బండి తెర చెప్పే లెక్క నిజమేనా అని విడిగా కొలిచి సరిచూసే పద్ధతి కూడా అందులో రాశారు. మన దగ్గర ప్యాకులకు ఆధార్ లాంటి సంఖ్య ఇవ్వాలన్న ఆలోచన నడుస్తోంది. చాలా మంచిది. అయితే ఆ సంఖ్య పుట్టుక వివరాలకే పరిమితమైతే సగం పనే. దాని వెంట ఆరోగ్యం లెక్క కూడా నడవాలి.

దీనికి కంపెనీల నుంచి వచ్చే అభ్యంతరాలు ఊహించగలను. బీఎంఎస్ తెరిస్తే ఎవడో కెలికి ప్రమాదం తెస్తాడంటారు. చదవడానికి మాత్రమే తెరవమంటున్నాం. మిగిలిన సత్తువ అంచనా మాత్రమే, కచ్చితంగా చెప్పలేమంటారు. నిజమే, ముఖ్యంగా ఎల్‌ఎఫ్‌పీలో. అందుకే సందేహం వచ్చినప్పుడు నిండుగా ఎక్కించి పూర్తిగా దించి కొలిచే పరీక్ష ఒకటి ప్రమాణంలో రాయండి, ఏ గుర్తింపు ఉన్న కేంద్రంలోనైనా చేయించుకునేలా. జనం అంకె చూసి బెదిరిపోతారంటారు. ఈ వాదన ఆపిల్ విషయంలో ఒకసారి వీగిపోయింది. పాత ఐఫోన్లను బ్యాటరీ నీరసించిందని చెప్పకుండా సాఫ్ట్‌వేర్‌తో నెమ్మదింపజేస్తున్నామని 2017 డిసెంబరులో ఆ కంపెనీ ఒప్పుకోవాల్సి వచ్చింది. గొడవయ్యాక 2018లో ఫోన్‌లోనే బ్యాటరీ హెల్త్ అంకె పెట్టింది. ఇవాళ మన పిల్లలు పాత ఫోన్ కొనేముందు మొదట చూసేది అదే. ఎవరూ బెదిరిపోలేదు, బేరం మాత్రం సరిగ్గా ఆడుతున్నారు.

సాఫ్ట్‌వేర్ మాట వచ్చింది కనుక ఇంకొకటి. ఇప్పుడు బండ్లకు గాల్లోంచి అప్‌డేట్లు వస్తాయి. రాత్రి నిద్రపోయి లేచేసరికి ప్యాకు ఎంత వోల్టేజీ దాకా నిండాలన్నది మారిపోయి ఉండవచ్చు. భద్రత కోసమే అయినా, చెప్పి చేయాలి. 2019లో టెస్లా ఇలాగే కొన్ని కార్ల గరిష్ఠ వోల్టేజీ తగ్గిస్తే యజమానులు కోర్టుకెళ్లారు, 2021లో పదిహేను లక్షల డాలర్లతో రాజీ కుదిరింది. బ్యాటరీ హద్దులు మార్చే ప్రతి అప్‌డేటూ ఏ తేదీన ఏం మార్చిందో బీఎంఎస్‌లో నమోదై, యజమానికి కనబడాలన్న వాక్యం కూడా సవరణలో చేర్చండి.

చివరగా మన రెండు రాష్ట్రాల రవాణా మంత్రులకు. ప్రమాణాలు రాసేది ఢిల్లీయే అయినా, రిజిస్ట్రేషన్ మీ చేతిలో ఉంది. పాత స్కూటర్ పేరు మార్పిడికి వచ్చినప్పుడు కాలుష్యం కాగితం అడిగినట్టే బ్యాటరీ సత్తువ కాగితం అడగవచ్చు. అదొక్కటి ఉంటే పాత విద్యుత్ బండి కొనడానికి జనం జంకరు, అప్పిచ్చే బ్యాంకుకూ ధైర్యం వస్తుంది. బండి నుంచి దిగిన ప్యాకును ఇంటి సోలార్‌కు వాడుకోవచ్చో లేక 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల కింద రీసైక్లింగ్‌కు పంపాలో కూడా ఆ కాగితమే తేలుస్తుంది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా సెల్లుల ఫ్యాక్టరీ లేస్తోంది. మన గడ్డ మీద తయారైన సెల్లు మన ఎండను ఎలా తట్టుకుంటోందో చెప్పే లెక్కలు ఇక్కడి రోడ్ల మీద పోగుపడితే, మొదట లాభపడేది వాళ్లే.

తెలంగాణ 2024 నవంబరు నుంచి విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మాఫీ చేసింది. గడువు 2026 డిసెంబరు 31 అని రాసింది. ఆంధ్రప్రదేశ్ 2024-29 కాలానికి తన విధానం ప్రకటించుకుంది. వదులుకుంటున్నది ప్రజల డబ్బు. కాబట్టి ఆ గడువు పొడిగించేటప్పుడైనా, కొత్త ఉత్తర్వు రాసేటప్పుడైనా ఒక షరతు జతచేయండి: బ్యాటరీలో మిగిలిన సత్తువను తెరమీద చూపించే మోడళ్లకే మాఫీ. కేంద్రం ముసాయిదా వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఆ మోడళ్ల జాబితా మాత్రం ప్రతి ఆర్టీవో కార్యాలయం గోడమీదా, తెలుగులో, అతికించి పెట్టించండి.

ఇట్లు,
ఒక విద్యుత్ స్కూటర్ యజమాని